ఒక్క నొక్కు, రెండు టక్కులు

"అల్లుడుగారూ, మీ మౌస్‌కి నత్తొచ్చినట్టుందండీ. నేనొకటంటే అది రెండంటోంది."

మా అత్తగారు తెనాలి నుంచి బ్రిస్బేన్ వచ్చి అప్పటికి మూడు వారాలు. పగలు మేమిద్దరం ఉద్యోగాలకు, పిల్లలు బడికి. ఆవిడకు కాలక్షేపం టీవీ సీరియళ్ళు, అవి అయిపోతే నా పాత కంప్యూటర్లో సాలిటైర్. ఒక్కరే కూర్చుని ఆడుకునే పేకాట. ముక్క మీద బాణం గుర్తు పెట్టి, ఎడమ బటన్ నొక్కి పట్టుకుని, ఈడ్చుకెళ్ళి కావలసిన చోట వదలాలి. ఆ రోజు ఎర్ర తొమ్మిదిని నల్ల పది మీదికి తీసుకెళ్తుంటే సగం దారిలో చేయి జారినట్టు పడిపోయింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ పడిపోయింది. ఫోల్డర్‌ను ఒక్కసారి నొక్కి ఎంచుకోబోతే అదే తెరుచుకుంది. నేను అదే మౌస్‌తో ఒక మెయిల్ తీసేయబోతే దాని కిందది కూడా పోయింది.

ఈ ప్రశ్న చాలామంది అడిగేదే: నేను నొక్కింది ఒక్కసారి కదా, కంప్యూటర్‌కి రెండుసార్లని ఎవరు చెప్పారు?

మొదట అందరం వేలిని అనుమానిస్తాం. వణికిందేమో, సరిగ్గా పడలేదేమో అని. అత్తగారు కూడా "వయసైపోయింది, చేతుల్లో పట్టు లేదు" అన్నారు. వయసు సంగతి అలా ఉంచండి, తప్పు ఆవిడది కాదు. ఇంజనీర్లు ఈ జబ్బుని చాటర్ అంటారు, వాగుడు అని అర్థం. నాకు మాత్రం ఆవిడ పెట్టిన పేరే నచ్చింది. వాగేవాడు కొత్త మాటలు చెబుతాడు. ఈ బటన్ చెప్పిన మాటనే తిరిగి చెబుతోంది. కనుక ఈ అధ్యాయమంతా దాన్ని నత్తి అనే అంటాను.

టక్కుమీట లోపల

మౌస్ ఎడమ చెక్క కింద చూపుడువేలి గోరంత నల్ల డబ్బా ఒకటి ఉంటుంది. పొడవు పదమూడు మిల్లీమీటర్లు దాటదు. నెత్తిన చిన్న బొడిపె. కింద మూడు కాళ్ళు. దీన్ని మైక్రోస్విచ్ అంటారు. మనం టక్కుమీట అనుకుందాం, ఎందుకంటే మనకు వినిపించే ఆ "టక్" దీని గొంతే.

లోపల ఏముందో తెలియాలంటే ఆడపిల్లలు జుట్టుకు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పును గుర్తు చేసుకోండి. రేకు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. నెమ్మదిగా వంచుతూ పోతే కాసేపు మొండికేస్తుంది. ఒక చోటికి వచ్చాక మన ప్రమేయం లేకుండానే టక్కున అవతలి వైపుకు తిరగబడుతుంది. సగం తిరిగి ఆగడం దానికి చేతకాదు. ఇటో అటో. టక్కుమీటలో ఉన్నదీ ఇలాంటి రేకే, సన్నటి రాగి మిశ్రమంతో చేసిన నాలుక. బొడిపె దిగుతూ ఉంటే నాలుకలో బిగువు పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే నాలుక కొన ఎగిరి కింది గచ్చకాయంత కూడా లేని లోహపు చుక్కకు తగులుతుంది. కరెంటు పారుతుంది. వేలు తీస్తే వెనక్కి ఎగిరి మళ్ళీ పై చుక్కకు ఆనుకుంటుంది.

ఈ ఏర్పాటు కంప్యూటర్ కన్నా పాతది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఫ్రీపోర్ట్ ఊళ్ళో పీటర్ మెక్‌గాల్ అనే ఆయన 1932లో దీన్ని కనిపెట్టాడు. వేలు ఎంత నెమ్మదిగా దిగినా మీట మాత్రం ఒక్క వేగంతోనే పడుతుంది, ఆయన సాధించింది అదీ. బొడిపె వెంట్రుకవాసి కదిలితే చాలు. లిఫ్టు తలుపులకు, మైక్రోవేవ్ తలుపులకు, కార్ఖానా యంత్రాలకు దీన్ని వాడుతూ వచ్చారు. మౌస్ పుట్టేసరికి దానికి కావలసిన మీట సిద్ధంగా ఉంది.

గచ్చు మీద గ్లాసు

వంటింట్లో స్టీలు గ్లాసు చేజారి గచ్చు మీద పడితే ఒక్క చప్పుడుతో ఆగుతుందా? టంగ్... టంగ్.. టంగ్‌టంగ్‌టంగ్ అని ఎగిరెగిరి, గంతు గంతుకూ ఎత్తు తగ్గుతూ, చివరికి గిరగిరా తిరిగి పడుకుంటుంది. పక్కింటివాళ్ళు వింటే గ్లాసు ఎన్నిసార్లు పడిందని అనుకోవాలి?

టక్కుమీట నాలుకా ఇదే పని చేస్తుంది. లోహం లోహానికి కొట్టుకుంటే ఎగరకుండా ఉండలేదు. అంటుకుంటుంది, ఎగురుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. కొత్త మీటలో ఈ గంతులన్నీ కలిపి సెకనులో ఒకటి నుంచి కొన్ని వెయ్యో వంతుల లోపు ముగుస్తాయి. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు. కంటిరెప్ప ఒక్కసారి పడి లేవడానికే అలాంటివి వందకు పైగా కావాలి. మనకు ఆ గంతులు వినబడవు, కనబడవు. కానీ మౌస్ లోపలి చిప్పుకు అవి తెలుస్తాయి. దానికి మిల్లీసెకను అంటే తీరుబడి సమయం.

కాబట్టి నత్తి పాతబడ్డాక కొత్తగా వచ్చేది కాదు. పుట్టుకతోనే ఉంది. షోరూములోంచి ఇప్పుడే తెచ్చిన మౌస్ కూడా ఒక్క నొక్కుకు లోపల నాలుగైదు సార్లు తడబడుతుంది. మనదాకా రాకుండా చిప్పు ఆపుతోంది, అంతే. మొదటి తాకిడి తగలగానే "సరే, నొక్కారు" అని రాసుకుని, తర్వాత కొన్ని మిల్లీసెకన్లు చెవులు మూసుకుంటుంది. ఇంటి బెల్లు కొట్టినవాళ్ళకు "వస్తున్నా" అని చెప్పాక ఇంకా మోగుతున్న బెల్లును మనం లెక్కపెట్టం కదా, అలా. దీన్ని డిబౌన్స్ అంటారు, గంతుల వడపోత అనుకోవచ్చు.

మరి ఆరేళ్ళు బాగా మాట్లాడినది ఇప్పుడెందుకు తడబడుతోంది?

రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఒకటి రేకు అలసట. తయారీదారులు ఇలాంటి మీటలకు కోటి నొక్కులు, రెండు కోట్లు, అయిదు కోట్లు అని ఆయుర్దాయం రాస్తారు. కోటి అంటే మహా సంఖ్యలా వినబడుతుంది గానీ, రోజుకు అయిదు వేల నొక్కులు అనుకుంటే రెండు వేల రోజుల్లో, అంటే అయిదున్నరేళ్ళకు అయిపోతుంది. లెక్కల పని చేసేవాళ్ళకు, బొమ్మలు గీసేవాళ్ళకు, ఆటలాడే కుర్రాళ్ళకు అయిదు వేలు పెద్ద సంఖ్య కాదు. నాలుకలో బిగువు తగ్గేకొద్దీ గంతులు పొడవవుతాయి.

రెండోది తుప్పు కాని తుప్పు. తాకే చుక్కలకు వెండి పూత ఉంటుంది. వెండి సంగతి మన ఆడవాళ్ళను అడగాలి. పండక్కి తోమి పెట్టిన కుంకుమభరిణె మళ్ళీ పండగ వచ్చేసరికి నల్లబడి ఉంటుంది. గాలిలోని గంధకపు ఆవిర్లు వెండితో కలిసి ఆ నలుపు పొర కడతాయి, తేమ ఉంటే ఇంకా తొందరగా. బ్రిస్బేన్ జనవరి, ఫిబ్రవరి ఉక్క ఏమిటో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పొర కరెంటుకు అడ్డం.

ఇక్కడొక చిత్రం ఉంది. ఇదే రకం మీటను ఎక్కువ కరెంటు పారే యంత్రంలో పెడితే ఆ నలుపు అంత బాధపెట్టదు. పంటకాలువలో నీళ్ళు ఉరవడిగా పారితే పూడికను అవే కోసుకుపోతాయి. సన్నధార పారితే ఒండ్రు మేట వేస్తుంది. కరెంటుకూ అంతే. పొరను చీల్చుకుని పోవడానికి కొంత కనీస కరెంటు కావాలి. దాన్ని వెట్టింగ్ కరెంట్ అంటారు, పూడిక తీసే కరెంటు అంటే మనకు అర్థమవుతుంది. మౌస్‌లో పారేది ఆంపియరులో వెయ్యో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అందులోనూ వైర్‌లెస్ మౌసుల్లో బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని ఆ ధారను ఇంకా సన్నం చేశారు. బ్యాటరీ మిగిలింది, మీట పూడిపోయింది. పొదుపు చేసేటప్పుడు ఖర్చు ఎక్కడ పడుతుందో చూసుకోవాలని మా నాన్న అంటుండేవారు గానీ, ఆయన చెప్పింది వేరే సందర్భంలో.

గట్టిగా నాలుగుసార్లు నొక్కితే కాసేపు బాగుపడినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే. ఒరిపిడికి పొర కొంచెం గీరుకుపోతుంది. సాయంత్రానికి మళ్ళీ మామూలే.

వేలు ఎంత వేగం, రేకు ఎంత వేగం

ఆ రాత్రి అత్తగారు పడుకున్నాక మౌస్‌ను ఇంకో పాత ల్యాప్‌టాప్‌కు తగిలించాను. అందులో విండోస్‌కు బదులు లినక్స్ ఉంది. మౌస్ ఏ క్షణంలో ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు అచ్చువేసే ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి, బటన్ నొక్కి పట్టుకున్నాను. వేలు కదల్చలేదు. తెర మీద "నొక్కారు" అని పడింది. ఒక సెకను గడిచింది. "వదిలారు" అని పడింది. నేను వదల్లేదు! వెంటనే మళ్ళీ "నొక్కారు". రెండు కాలాలు తీసివేసి చూస్తే మధ్య తేడా తొమ్మిది మిల్లీసెకన్లు. పేకముక్క జారిపోయింది ఆ తొమ్మిదిలోనే.

ఇప్పుడు ప్రశ్న ఇది. ఆ తొమ్మిది మిల్లీసెకన్ల వదులు రేకుదా, వేలుదా? కంప్యూటర్‌కు వేలు కనబడదు. దానికి వచ్చేది రెండే మాటలు, నొక్కారు, వదిలారు. ఏది మనిషి చెప్పింది, ఏది లోహం చెప్పింది అని విడదీయడానికి దాని దగ్గరున్న సాక్ష్యం గడియారం ఒక్కటే.

అదృష్టవశాత్తూ మనిషీ లోహమూ వేర్వేరు వేగాల్లో బతుకుతాయి. మీరు ఎంత పిచ్చిగా నొక్కినా సెకనుకు పది, పన్నెండు సార్లు దాటడం కష్టం. అంటే ఒక నొక్కుకూ మరో నొక్కుకూ మధ్య ఎనభై, వంద మిల్లీసెకన్లు. మామూలుగా రెండుసార్లు నొక్కేవాళ్ళు ఇంకా నింపాది. విండోస్ కూడా డబుల్ క్లిక్ అని ఒప్పుకోవడానికి 500 మిల్లీసెకన్ల దాకా ఎదురుచూస్తుంది, అదే దాని మొదటి అమరిక. రేకు గంతులు మాత్రం ఒకటి, అయిదు, పది. ఈ రెండింటికీ మధ్య ఖాళీ స్థలం ఉంది. ఆ ఖాళీలో గీత గీస్తే సరిపోతుంది. గీతకు ఇవతల జరిగిందంతా లోహం తడబాటు, అవతల జరిగిందంతా మనిషి మాట.

గీత ఎక్కడ గీయాలన్నదే తగాదా. దూరంగా గీస్తే నత్తి పోతుంది గానీ మౌస్ కొంచెం మందమవుతుంది. దగ్గరగా గీస్తే చురుగ్గా ఉంటుంది గానీ రేకు కాస్త అరిగినా నత్తి బయటపడుతుంది. కంప్యూటర్ ఆటలాడేవాళ్ళు ఒక్కో మిల్లీసెకనుకూ లెక్క చెప్పమంటారు. వాళ్ళ కోసం చేసే మౌసుల్లో గీతను దగ్గరకు జరిపే అమరిక ఉండటం మామూలే. ఖరీదైన మౌస్‌కు నత్తి ముందొచ్చిందని వాపోయేవాళ్ళు ఒకసారి ఆ అమరిక చూసుకోవాలి.

బ్రిస్బేన్‌లో గీసిన గీత

అసలు చెప్పదలచుకున్నది ఇక్కడికొచ్చింది. అదే ల్యాప్‌టాప్‌లో ఈవీటెస్ట్ మూసేసి మామూలుగా మౌస్ వాడి చూశాను. నత్తి లేదు! ఫైలును తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చుకెళ్ళినా జారలేదు. మౌస్ అదే, మీట అదే, తొమ్మిది మిల్లీసెకన్ల తడబాటు అదే. ఒక కంప్యూటర్లో రోగి, ఇంకో కంప్యూటర్లో ఆరోగ్యవంతుడు.

లినక్స్ డెస్క్‌టాపుల్లో మౌస్ మాటను విని పైకి చేరవేసే పని లిబ్‌ఇన్‌పుట్ అనే మధ్యవర్తిది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేసే పీటర్ హటరర్. ఉండేది మా బ్రిస్బేన్‌లోనే. ఈ మీట కథలో ఇద్దరూ పీటర్లే కావడం కాకతాళీయం. ఫ్రీపోర్ట్ పీటర్ రేకును టక్కుమనిపించాడు, బ్రిస్బేన్ పీటర్ రెండో టక్కును మింగేయిస్తున్నాడు.

మౌస్‌లతో ఈయన సావాసం కొత్తది కాదు. అడిలైడ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియాలో పరిశోధన చేసేటప్పుడు ఒకే తెర మీద ఇద్దరు ముగ్గురు ఎవరి మౌస్ వాళ్ళు పట్టుకుని, ఎవరి బాణం గుర్తు వాళ్ళు తిప్పుకునే ఏర్పాటు చేశారు. ఎంపీఎక్స్ అని దాని పేరు. లినక్స్‌లో తెరను నడిపించే ఎక్స్ సర్వర్‌లో, 2009లో వచ్చిన 1.7లో అది భాగమైంది. ఒక తెరకు ఒక బాణమే అని మనందరం ప్రశ్న వేయకుండా ఒప్పుకున్నదాన్ని ఆయన ఒప్పుకోలేదు.

లిబ్‌ఇన్‌పుట్ వడపోత రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మీరు నొక్కగానే ఆ మాటను ఒక్క క్షణం ఆలస్యం లేకుండా పైకి పంపేస్తుంది. తర్వాత 25 మిల్లీసెకన్ల లోపు వచ్చే గంతులను పట్టించుకోదు. ఇది పైన చెప్పిన బెల్లు పద్ధతి. నొక్కు ముందే చేరిపోయింది కాబట్టి ఎవరికీ ఆలస్యం అనిపించదు.

రెండోది కష్టమైనది. బటన్ నొక్కి పట్టుకుని ఉండగా మధ్యలో రేకు ఒక్కసారి చేయి వదిలి మళ్ళీ పట్టుకుంటే, అంటే మా అత్తగారి పేకముక్క జారినట్టు జారితే ఏం చేయాలి? "వదిలారు" అని వచ్చిన క్షణంలో అది నిజమో అబద్ధమో ఎవరూ చెప్పలేరు. చెప్పాలంటే కాసేపు ఆగాలి. వేలంపాటలో చివరి పాట వినగానే సుత్తి కొట్టేయరు కదా! ఒకటోసారి, రెండోసారి అంటూ ఆగి చూస్తారు, ఇంకెవరైనా గొంతెత్తుతారేమోనని. లిబ్‌ఇన్‌పుట్ అలా 12 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆ లోపు మళ్ళీ "నొక్కారు" అని వస్తే ఆ రెండు మాటలూ కొట్టేస్తుంది. రాకపోతే నిజంగానే వదిలారని ఒప్పుకుంటుంది.

నాకు నచ్చింది ఇంకోటి. ఈ రెండో వడపోతను అందరి మీదా రుద్దలేదు. మౌస్ బాగున్నంతకాలం అది నిద్రపోతుంది. ఏ మౌస్ ఒక్కసారి తడబడుతుందో ఆ మౌస్‌కు మాత్రమే మేలుకుంటుంది, మేలుకున్నానని తన లాగ్‌లో ఒక వాక్యం రాసి పెడుతుంది. ఆరోగ్యవంతుల మీద అనుమానంతో ఆలస్యం మోపకుండా, రోగికే మందు. విండోస్‌లో మామూలుగా ఇలాంటి ఏర్పాటు కనబడదు. మౌస్ చిప్పు ఏం చెబితే అదే నమ్ముతుంది.

మరి చేతులు వణికే పెద్దవాళ్ళ సంగతేమిటి, వాళ్ళకూ ఇదే పనికొస్తుందా అని అడగవచ్చు. రాదు. వణికే వేలు నిజంగానే రెండుసార్లు నొక్కుతుంది, అదీ మనిషి వేగంతోనే. దానికి గీతను చాలా దూరం జరపాలి, ఎంత దూరమన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది. లోహం తప్పును దిద్దడం వేరు, మనిషికి సాయపడటం వేరు అని లిబ్‌ఇన్‌పుట్ వివరణ పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంది. రెండో పని డెస్క్‌టాప్‌లోని సౌలభ్య అమరికలకు వదిలేశారు.

ఎడమ పోతే కుడి

రెండు నెలలు గడిచాయి. లినక్స్‌లోనూ పేకముక్క జారడం మొదలైంది. మళ్ళీ ఈవీటెస్ట్ తెరిచి చూస్తే మధ్య తేడాలు పెరిగాయి. ఒకటి ముప్ఫై ఒకటి, ఇంకోటి నలభై దాటింది. రేకు తడబాటు నెమ్మదించి మనిషి వేగం వైపు జరుగుతోంది. ఖాళీ స్థలం మాయమైతే గీత గీయడానికి చోటుండదు. ఇక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ ఆదుకోలేదు. మీటకే ఏదో ఒకటి చేయాలి.

చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా సులువైనది ఎవరికీ తట్టదు. మౌస్‌కు రెండు బటన్లున్నాయి, రెంటికీ ఒకే రకం మీటలు. మనం ఎడమను నొక్కినన్నిసార్లు కుడిని నొక్కం. ఎడమది ముసలిదైనప్పుడు కుడిది పడుచుగానే ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ భాగానికి వెళితే ప్రధాన బటన్ ఎడమా కుడా అని అడుగుతుంది. కుడి అని చెప్పండి. లినక్స్‌లో, మ్యాక్‌లో కూడా ఈ అమరిక ఉంది. ఎడమచేతి వాటం వాళ్ళ కోసం పెట్టింది, ఇలా అక్కరకొస్తుంది. నాకు మధ్యవేలు అలవాటు పడటానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆఫీసులో మంచి మౌస్ పట్టుకుంటే అక్కడ తప్పులు చేశాను.

1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చిన మొదటి మౌస్ చెక్కపెట్టె. దానికి ఒకటే బటన్. అది చెడితే ఇక అంతే. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరి ముందూ చూపించేనాటికి మూడయ్యాయి. ఒకదానికి ఇంకొకటి బదులు నిలవాలని వాళ్ళు పెట్టలేదు గానీ, మనకు అలా కలిసొచ్చింది.

అత్తగారికి మాత్రం కుడిఎడమలు మార్చడం నచ్చలేదు. "ఈ వయసులో నాకెందుకండీ కొత్త అలవాట్లు" అన్నారు. ఆవిడ కోసం మౌస్ కీస్ పెట్టాను. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కితే విండోస్‌లో మేలుకుంటుంది. అప్పుడు కీబోర్డు కుడి పక్కనున్న అంకెల గళ్ళే మౌస్. 5 అంటే ఒక నొక్కు. కూడిక గుర్తు అంటే రెండు నొక్కులు. సున్నా నొక్కితే బటన్ పట్టుకున్నట్టు, చుక్క నొక్కితే వదిలినట్టు. కుడిచేత్తో మౌస్ కదుపుతూ, ఎడమచేత్తో సున్నా నొక్కి ముక్క ఎత్తి, చుక్క నొక్కి దింపడం ఆవిడ ఒక్క పూటలో పట్టేశారు. నత్తి లేదు, ఎందుకంటే మాట ఇప్పుడు వేరే నోటి నుంచి వస్తోంది. అంకెల గళ్ళు లేని చిన్న ల్యాప్‌టాపుల్లో ఈ ఉపాయం పనికిరాదు.

చక్రం కింది బటన్ పోయినవాళ్ళకు ఇంకో దారి. లిబ్‌ఇన్‌పుట్‌లో ఒక అమరిక పెడితే కుడిఎడమలు ఒకేసారి నొక్కినప్పుడు మధ్య బటన్ నొక్కినట్టు తీసుకుంటుంది.

విప్పిన రోజు

ఒక శనివారం మా పేట రిపేర్ కెఫేకు మౌస్ పట్టుకెళ్ళాను. ఈ పద్ధతి 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలై ఆస్ట్రేలియా ఊళ్ళలోనూ పాకింది. చెడినవి పట్టుకెళ్తే తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని ఉచితంగా బాగుచేయడం నేర్పిస్తారు. నాకు దొరికింది డెబ్బై దాటిన పెద్దాయన. మౌస్ తిరగేసి, "స్క్రూలు ఎక్కడున్నాయో చెప్పు చూద్దాం, మేట్" అన్నాడు. ఒక్కటీ కనబడలేదు. అడుగున జారడానికి అంటించిన నల్ల బిళ్ళలను హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి గోరుతో లేపాడు. వాటి కింద నాలుగు స్క్రూలు. మూత తీస్తే ఆరేళ్ళ దుమ్ము, పిల్లల బిస్కెట్ పొడి, ఒక పొడవాటి వెంట్రుక. వాటి మధ్య రెండు నల్ల డబ్బాలు, కవలపిల్లల్లా.

కొత్త మీట కొనాలా అని అడిగితే నవ్వాడు. టంకం కరిగించి రెండు మీటలూ పీకి, కుడిదాన్ని ఎడమలో, ఎడమదాన్ని కుడిలో పెట్టాడు. నత్తి మీట ఇప్పుడు కుడివైపుంది. కుడి బటన్‌తో ఈడ్చుకెళ్ళేది చాలా తక్కువ, తడబడినా అదే మెనూ ఇంకోసారి వస్తుంది, పోయేదేం లేదు. కాళ్ళు మూడూ సరిగ్గా చల్లారాయో లేదో అని భూతద్దంలో చూశాడు. అప్పుడే గమనించాను, మూడు కాళ్ళున్నా మౌస్ వాడుకుంటున్నది రెండింటినే. మూడోదాన్ని కూడా చిప్పుకు కలిపి ఉంటే ఈ నత్తి గొడవే ఉండేది కాదు. నాలుక కింది చుక్క దగ్గర ఎంత ఎగిరినా పై చుక్కదాకా వెళ్ళదు. పై చుక్కకు తగిలితేనే వదిలినట్టు అని చిప్పుకు చెబితే మధ్యలో గంతులన్నీ లెక్కలోకి రావు. గడియారమే అక్కర్లేదు. కొన్ని ఖరీదైన మౌసుల్లో ఈ పని చేశారు. ఇంకొన్నిటిలో లోహం జోలికే పోకుండా, బటన్ దిగినప్పుడు లోపలి కాంతిరేఖకు అడ్డుపడేట్టు పెట్టారు. వెలుగుకు గంతులు లేవు, నలుపు పట్టదు. మిగతా లోకమంతా రెండు కాళ్ళ మీదే నడుస్తోంది. ఒక తీగ, కాస్త చిప్పు స్థలం మిగుల్చుకోవడానికి.

చట్టం సంగతి క్లుప్తంగా. ఆస్ట్రేలియాలో 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం ప్రకారం వస్తువు సహేతుకమైన కాలం మన్నాలి. మన్నకపోతే కొన్న దుకాణమే బాధ్యత వహించాలి, కంపెనీ వారంటీ గడువు ముగిసినా సరే. ఏడాదికే నత్తి వచ్చిన మౌస్‌ను దుకాణానికి పట్టుకెళ్ళడానికి మొహమాటపడకండి. నాది ఆరేళ్ళది, అడిగే మొహం లేదు. రిపేరు హక్కు మీద ఇక్కడి ప్రొడక్టివిటీ కమిషన్ 2021లో పెద్ద నివేదికే ఇచ్చింది. కార్ల రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాలనే నియమం 2022 జూలై 1 నుంచి వచ్చింది. మౌస్ దాకా ఇంకా ఎవరూ రాలేదు. స్క్రూలు బిళ్ళల కిందే ఉన్నాయి.

బాగుపడని మౌస్‌ను మాత్రం చెత్తబుట్టలో వేయకండి. విక్టోరియా రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ చెత్తను భూమిలో పూడ్చడం నిషేధం. దేశమంతా ఉన్న టీవీ, కంప్యూటర్ రీసైక్లింగ్ పథకంలోకి మౌసులు, కీబోర్డులు కూడా వస్తాయి. ఇళ్ళవాళ్ళు ఉచితంగా ఇచ్చి రావచ్చు.

అత్తగారు తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఆ మౌస్‌తో మూడు ఆటలు ఆడి రెండు గెలిచారు. మూడోది ముక్క జారి ఓడలేదు, తప్పు ముక్క ఎత్తి ఓడారు. మీ సొరుగులోనూ నత్తి మౌస్ ఒకటి పడి ఉంటే ముందు కుడిఎడమలు మార్చి ఒక వారం వాడి చూడండి. విప్పాలనుకుంటే మాత్రం బ్యాటరీ తీసేసి, తీగ ఉన్నదైతే అది పీకేసి మొదలుపెట్టండి.